నడుము లేని నాయిక

రైతుబజారులో పండిన దొండకాయ దొరకదన్న సంగతి బుచ్చిరాములుకు అరవై మూడేళ్ల వయసులో తెలిసింది. పొద్దున్నే మఫ్లరు చుట్టుకొని రెండు వరసలూ తిరిగాడు. ఎక్కడ చూసినా పచ్చవే. చివరికి ఒక గంప ముందు గొంతుక్కూర్చొని, "ఎర్రగ పండింది ఒక్కటన్న ఉంటదా అమ్మా?" అని అడిగాడు. గంపామె అతన్ని కిందినుంచి పైదాకా చూసింది.

"నా తాన ముదిరినయి ఉండయి, పండినయి ఉండయి. బోణీ గాకముందే గిదేం లొల్లి పెద్దమనిషి?"

"కూరకు గాదమ్మా. పెదవులకు."

ఆమె పక్క గంపామెను పిలవడానికి నోరు తెరిచేసరికి బుచ్చిరాములు సైకిలు దగ్గరికి వెళ్లిపోయాడు. పెదవులు ఏ ఎరుపులో ఉండాలో తేలలేదు. ట్రాక్టరు మీద పేరు రాసే ఎరుపే వేద్దామని దారిలో నిర్ణయించుకున్నాడు. దానికి కొంచెం తెలుపు కలిపితే సరిపోతుంది.

అతని చొక్కా జేబులో చంద్రశేఖర్ సార్ రాసిచ్చిన కాగితం ఉంది. సార్ డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయ్యారు. ఇప్పుడు గ్రంథాలయం వాళ్ల ప్రహరీ గోడ బాధ్యతంతా ఆయనదే. గోడకు పన్నెండు గళ్లు. గడికొక పాత పద్యం, దాని మీద ఆ పద్యంలోని బొమ్మ. పూర్వకాలపు కవులు మాటలతో గీసినదాన్ని జనం కళ్లతో చూడాలన్నది సార్ కోరిక. అందుకే కాగితం మీద నాయిక కొలతలు ఇచ్చారు: ముఖము చంద్రుడు, కనుబొమలు విండ్లు, కన్నులు తామరరేకులు, ముక్కు సంపెంగ, పెదవులు దొండపండు, మెడ శంఖము, నడక హంస. నడుము ఎదుట మాత్రం "ఉన్నదో లేదో" అని రాసి, కింద గీత గీశారు.

నలభై రెండేళ్లుగా బోర్డులు రాస్తున్నవాడికి కొలత అంటే కొలతే. ఇన్ని అడుగులు, ఇన్ని అంగుళాలు, ఇన్ని అక్షరాలు. బుచ్చిరాములు ఆ కాగితాన్ని అలాగే చదివాడు. హంసల కోసం కోమటి చెరువు దగ్గర ఒక పూటంతా కూర్చున్నాడు. బాతులు కనబడ్డాయి. వాటి నడక అతనికి ఏమాత్రం నచ్చలేదు. ఆడమనిషి అలా నడిస్తే మోకాళ్ల నొప్పి అనుకుంటారు గాని అందం అనుకోరు. అందుకని నాయికను నిలబెట్టేశాడు.

నిజానికి ఈ పని అతనికి రావలసింది కాదు. గళ్లన్నీ శ్రావణ్‌కే అప్పగించారు. శ్రావణ్‌ది పాత బస్టాండు దగ్గర ఫ్లెక్సీ దుకాణం. ముప్పై ఏళ్లవాడు, చురుకైనవాడు, చెడ్డవాడు కాదు. ఫోనులో వెతికి ఒక ముఖం పట్టుకొని, పదకొండు గళ్లకూ దాన్నే దించాడు. చీరలు మార్చాడు. పదకొండు మంది నాయికలూ నగల దుకాణం ముందు నిలబడ్డట్టు ఒకేలా నవ్వుతున్నారు. వాళ్లలో ఇద్దరు విరహంలో ఉన్నారని కింద పద్యం చెబుతోంది. పన్నెండో గడిలో మాత్రం గోడలోంచి నీళ్ల నల్లా జానెడు బయటికి పొడుచుకొచ్చి ఉండటంతో ఫ్లెక్సీ ఫ్రేము కూర్చోలేదు. ఆ నల్లా పుణ్యాన బుచ్చిరాములుకు పదిహేనేళ్ల తర్వాత ఒక పెద్ద గోడ దొరికింది.

అతను నల్లాను ఏటిలో కలిపేశాడు. బొమ్మలో నాయిక ఏటి ఒడ్డున ఉంటుంది, నల్లా చుట్టూ నీలం నీళ్లు, నాలుగు అలలు. గ్రంథాలయానికి పరీక్షలకు చదువుకోవడానికి వచ్చేవాళ్లు ఇప్పుడు సీసాలు ఏటిలోనే నింపుకుంటున్నారు.

తొమ్మిదిన్నరకు రెండు డ్రమ్ముల మీద పలక వేసుకొని ఎక్కాడు. చలికి ఎడమ చేయి మొద్దుబారినట్టుంది. రెండుసార్లు విదిలించి, పెదవులు మొదలుపెట్టాడు.

ఎవరి దగ్గరా బొమ్మలు నేర్చుకోలేదు. అతనికి వచ్చినవి అక్షరాలు. అందుకే బొమ్మను కూడా అక్షరాలతోనే గీస్తాడు. చెవికి 'ల', కొప్పుకు 'ఠ', భుజం మీంచి మోచేతి దాకా పొడుగు సాగదీసిన 'ద'. తెలుగులో గుండ్రనివి కావలసినన్ని ఉన్నాయి గనుక ఒళ్లంతా సులభంగా వచ్చింది. ముక్కు దగ్గర చిక్కొచ్చింది. నిటారుగా దిగే అక్షరం ఒక్కటీ తట్టలేదు. రెండు రోజులు ముక్కు లేకుండానే ఉంచాడు. మూడో రోజు, పాత రోజుల్లో దుకాణాల బోర్డులకు ఉర్దూ కూడా రాసినది గుర్తొచ్చి, నిలువు గీతలా ఉండే అలీఫ్ అక్షరం ఒకటి దించాడు. చక్కగా కుదిరింది. ఈ సంగతి చంద్రశేఖర్ సార్‌కు చెప్పలేదు.

ఎదురుగా టీ కొట్టు నడిపే సిద్ధమ్మ గ్లాసు తెచ్చి పలక మీద పెట్టింది.

"లింగవ్వ వదినె ఇయ్యాల్నే గద వచ్చేది?"

"కోహెడల మూడింటి లోపు బస్సెక్కుమన్న."

"ఇది చూపెట్టనీకేనా?"

బుచ్చిరాములు దొండపండు పెదవికి ఒక గీత ఎక్కువ వేశాడు. తర్వాత దాన్ని తుడవాల్సి వచ్చింది.

సిద్ధిపేటలో అతని చేతి రాత పడని వీధి లేదు. సైకిల్ దుకాణాలు, దవాఖానలు, మిర్చి మిల్లులు, అన్ని పార్టీల గుర్తులు, 'కిరాయికి ఇవ్వబడును', 'ఇచ్చట మూత్రము పోయరాదు'. ఈ చివరిది ఊళ్లో ఎవరికన్నా ఎక్కువసార్లు రాసిన ఘనత అతనిదే. అయితే నలభై ఏళ్ల కాపురంలో భార్య లింగవ్వ వీటిలో ఒక్కటీ చూడలేదు. కంటబడలేదని కాదు, ఆమెకు చదువు రాదు. ఆయన కోడికూత వేళ లేచి ఎక్కడికో పోతాడని, రంగులు పూసుకొని వస్తాడని మాత్రం తెలుసు. పెళ్లైన కొత్తలో తలుపు మీద అందంగా, అక్షరాలకు నీడ కొట్టి, ఆమె పేరు రాశాడు. లింగవ్వ చాలాసేపు చూసింది.

"గిది నేనా?"

"నువ్వే."

"నా పోలికే లేదు," అని దాని మీద తడిగుడ్డ ఆరేసింది.

బుచ్చిరాములు ఈ ముచ్చటను నవ్వుతూనే అందరికీ చెబుతాడు గాని, లోపల ఎక్కడో అది ముల్లులా ఉండిపోయింది. భూమ్మీద తనకు కావలసిన మనిషి ఒక్కతే, ఆమెకు తన పని ఒక్క ముక్క అందలేదు. ఇన్నాళ్లకు ఒక బొమ్మ దొరికింది. బొమ్మకు చదువు అక్కర్లేదు. లింగవ్వ పత్తి ఏరడానికని కోహెడలో కూతురు నవనీత ఇంటికి వెళ్లి పదిహేను రోజులైంది. ఈలోగా గోడ పూర్తి చేసి, ఆమెను తెచ్చి దీని ముందు నిలబెట్టాలని అతని ఆశ. అంతకుమించి అతనికి ఈ గోడ నుంచి ఏమీ వద్దు.

పన్నెండింటికి చంద్రశేఖర్ సార్ గొడుగేసుకొని వచ్చారు. డిసెంబరులో గొడుగెందుకని ఎవరూ అడగరు, ఆయన గొడుగు లేకుండా ఎవరికీ గుర్తులేరు. బొమ్మ ముందు నిలబడి, కాగితం చూసి, బొమ్మ చూసి, మళ్లీ కాగితం చూశారు.

"ముఖం బాగుంది. పెదవులు ఫరవాలేదు. నడుము ఏంది బుచ్చిరాములూ?"

"నడుమే సార్."

"కనబడుతున్నది గదా."

"కనబడకుంటెట్ల సార్?"

సార్ కళ్లజోడు సవరించుకున్నారు. "పద్యంల నడుము ఉన్నదో లేదో అని సందేహం. నువ్వు సందేహమే లేకుండ చేసినవు. గంత లావు నడుము మొత్తం ప్రాచీన సాహిత్యంల ఏ నాయికకూ లేదు."

"మరి కుండ యాడ వెట్టాలె సార్? మీ పద్యంల్నే ఉన్నది గద, నీళ్లకుండ చంకన వెట్టుకొని నిలవడ్డదని. లేని నడుం మీద నిండు కుండ నిలవడ్తదా?"

"దాన్ని అతిశయోక్తి అంటరు."

"గది గోడకు తెల్వది సార్."

సార్ మళ్లీ కాగితం చూశారు. ముప్పై రెండేళ్లు ఆ పద్యం పాఠం చెప్పారు. రెండో పాదంలో నడుము లేదు, మూడో పాదంలో కుండ ఉంది. ఆ రెంటినీ కలిపి ఎవరూ అడగలేదు, ఆయనకూ తోచలేదు. వెనుక బెంచీల్లో కూర్చున్న పిల్లలకు తోచి ఉంటుందేమో, అడిగే ధైర్యం లేకపోయి ఉంటుంది.

"నేను ఇంటికి వొయ్యి వ్యాఖ్యానం చూసొస్త. అయిదింటికి వస్త. అప్పటికి నడుము సన్నం చేసి ఉంచు. లేకపోతే శ్రావణ్ ఫ్లెక్సీ కొట్టిపిస్త. రేపు పదింటికి ప్రారంభం."

శ్రావణ్ అప్పటికే పన్నెండో ఫ్లెక్సీ చుట్ట తెచ్చి చెట్టుకు ఆనించాడు. నల్లా పట్టేలా దానికి ఒక గుండ్రటి రంధ్రం చేశాడు. లెక్క కొంచెం తప్పి, రంధ్రం నాయిక మోకాలి చిప్ప దగ్గరికి వచ్చింది.

"ఏమనుకోకు కాకా. ఎందుకైన మంచిదని సార్ నిన్ననే తెమ్మన్నడు, తెచ్చిన."

"నేనేమనుకుంట. నాలుగున్నర దాక ఆగు, మా ఇంటామె చూస్తది. అటెన్క మీ ఇష్టం."

అన్నాడే గాని మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీయలేదు. నడుము మీద తెల్లరంగు పూసి సన్నం చేయడం పది నిమిషాల పని. కుంచె రెండుసార్లు తెలుపులో ముంచి, రెండుసార్లూ గుడ్డకు తుడిచేశాడు. సన్నం చేస్తే గోడ మిగులుతుంది. అయితే ఆ మిగిలిన బొమ్మను లింగవ్వ ఒక్క చూపు చూసి ముందు నవ్వుతుంది. కుండ ఎత్తని ఆడమనిషిని గీసిండు మా ఆయన అంటుంది. అది అతను పడలేడు. ఆమె మెచ్చుకోకపోయినా సరే, తప్పు మాత్రం పట్టకూడదు.

నాలుగైంది. నాలుగుంబావు అయింది. బస్సు రాలేదు. శ్రావణ్ నాలుగు మేకులు తీసి గోడ పక్కన పెట్టుకొని ఫోను చూస్తున్నాడు. బుచ్చిరాములు ఏటికి అవసరం లేని అలలు వేస్తూ కాలం గడిపాడు. ఏరు వరద మీదున్నట్టు తయారైంది.

నాలుగూ యాభైకి లింగవ్వ వచ్చింది. నెత్తి మీద అనపకాయల సంచి, చేతిలో చెప్పులు. ఒక చెప్పు బస్సులోనే తెగిందట. సంచి దించి, చెమట తుడుచుకొని, ముందు సిద్ధమ్మను పలకరించి, కూతురు కుశలం చెప్పి, పత్తి ధర చెప్పి, అప్పుడు మొగుడి వైపు తిరిగింది.

"ఏమయ్యా, బక్కగైనవ్? తిన్నవా?"

"అటు జూడు."

లింగవ్వ చూసింది.

చూసి, దగ్గరికి నడిచింది. పదకొండు గళ్లనూ దాటి వచ్చింది గాని వాటిని చూడలేదు. బొమ్మ ఎడమ కొస దగ్గర నిలబడి, అక్కడినుంచి నెమ్మదిగా కుడికి జరిగింది. పెదవులు కదులుతున్నాయి. బుచ్చిరాములు పలక మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. బోర్డు రాసి దిగి, మీసం మెలేసి, దుకాణదారును సరిచూసుకొమ్మనే మనిషి ఇప్పుడు ఆమె పెదవులనే చూస్తున్నాడు.

"పొద్దుగూకే యాళ్ల ఏటికచ్చింది," అంది లింగవ్వ, ఎవరితోనో కాదు, బొమ్మతోనే. "నీళ్లు ముంచింది. ఇంటికి వోవాలె. వోతలేదు. కుండ బరువైతున్నది, మోకాలు వంచింది. తొవ్వ దిక్కు జూస్తున్నది. ఎవడో అత్తనన్నడు. రాలే."

వెనకాల గొడుగు మూసిన చప్పుడైంది. చంద్రశేఖర్ సార్ ఎప్పుడొచ్చారో, అక్కడే నిలబడిపోయారు.

"అమ్మా, నీకు ఈ పద్యం ఎవరు చెప్పిన్రు?"

"పద్యమేంది సారు?"

"ఎవడో వస్తనన్నడు, రాలేదని అన్నవు గదా. అది నాలుగో పాదం."

"నాకేం ఎరుక. ఆమె మొకం మీదనే ఉన్నది గద."

సార్ వ్యాఖ్యానం పుస్తకం చంకలో పెట్టుకొని వచ్చారు. దాన్ని తెరవలేదు. ఒక్క విషయం మాత్రం వదలలేకపోయారు. "అంత బాగనే ఉన్నది గని, నడుమే..."

"నడుముకేమైంది? నా నడుమే," అంది లింగవ్వ.

శ్రావణ్ ఫోనులో ముఖం దాచుకున్నాడు. సిద్ధమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. బుచ్చిరాములు అరవై మూడేళ్ల ముఖం దొండపండు రంగుకు తిరిగింది. కోడికూత వేళ లేచి, మసక వెలుతురులో బోరింగు నుంచి నీళ్లు తెచ్చే లింగవ్వను నలభై ఏళ్లు చూశాడు. ఆ నడుము ఒక్కటే అతను కాగితం చూడకుండా గీసింది. సార్‌కు దగ్గు వచ్చింది. ఆ దగ్గుతోనే ప్రాచీన సాహిత్యంలో నడుము చర్చ ముగిసిపోయింది.

"ఒక్కటే తప్పున్నది," అంది లింగవ్వ.

బుచ్చిరాములు పలక మీంచి వంగాడు. "ఏంది?"

"చీర పొడిగున్నది. నిండు కుండ చంకనెత్తితే నీళ్లు తొణకవా? ఎడమ దిక్కు నడుం కాడికెల్లి కిందిదాక తడిసి ఒంటికి అంటుకుంటది. ఎన్నేండ్లు నీళ్లు మోసిన, నా చీర ఎన్నడన్న పొడిగున్నదా?"

"పద్యంల చీర తడిసినట్టు లేదమ్మా," అన్నారు సార్, ఈసారి మెల్లగా.

"రాసినాయిన కుండ మోసిండా సారు?"

సార్ గొడుగును గోడకు ఆనించి, టీ కొట్టు బెంచీ మీద కూర్చొని, "చెయ్యి బుచ్చిరాములూ," అన్నారు.

ఖాళీ డబ్బాలన్నీ అయిపోయాయి. సిద్ధమ్మ చట్నీకి కొట్టిన కొబ్బరి చిప్ప ఒకటి తెచ్చి ఇచ్చింది. బుచ్చిరాములు అందులో చీర పచ్చ పోసి, చిటికెడు నలుపు, దానికన్నా తక్కువ నీలం కలిపాడు. లింగవ్వ పక్కన నిలబడి, ఇంకా చిక్కగ, ఇంకా, ఆ చాలు, అంటూ చెప్పింది. నలభై ఏళ్లలో ఇద్దరూ కలిసి చేసిన మొదటి పని అదే. వంట ఆమెది, బోర్డులు అతనివి, ఒకరి దాంట్లో ఒకరు వేలు పెట్టలేదు. అతను పలక మీద మోకాళ్లపై కూర్చొని, నడుము దగ్గర మొదలుపెట్టి, మడతమడతకూ ఆగుతూ పాదం దాకా తడిని దించాడు. చీర కాలికి అంటుకుంది. కుండలోకి నీళ్లు వచ్చాయి. అంతవరకూ అది కుండ బొమ్మ మాత్రమే. చూస్తున్న నలుగురికీ ఆ తేడా తెలిసింది.

"ఇగ మంచిగున్నది," అంది లింగవ్వ.

జీవితంలో అంత పెద్ద మాట బుచ్చిరాములు వినలేదు. ఏం చేయాలో తెలియక ముక్కు తుడుచుకున్నాడు, ముక్కుకు పచ్చరంగు అంటుకుంది. శ్రావణ్ ఫ్లెక్సీ చుట్ట భుజాన వేసుకొని, "గిదేం జెయ్యాలె మల్ల?" అని అడిగితే, సిద్ధమ్మ కొట్టు మీదికి నీడకు ఇచ్చిపొమ్మంది. రంధ్రం పొయ్యి పొగకు పనికొస్తుందట. సార్ పద్యాన్ని ఒకసారి పైకి చదివారు. తలుపు మీద పేరు చూసినంత శ్రద్ధగా లింగవ్వ విన్నది.

సార్, శ్రావణ్ వెళ్లాక బుచ్చిరాములు దిగి, గోనెసంచి పరుచుకొని గోడ మొదట్లో కూర్చున్నాడు.

"చెయ్యి గుంజుతున్నది. జర చాయ్ తాగి పోదాం."

లింగవ్వ రెండు గ్లాసులు తీసుకొని వచ్చేసరికి అతను గోడకు తల ఆనించి ఉన్నాడు. "తడి గోడకు ఒరిగినవేందయ్యా, అంగికి రంగంటదా? రేపు నేనే పిండాలె," అంటూ గ్లాసు అందించింది. అతను అందుకోలేదు. ఆమె గ్లాసును కింద పెట్టి భుజం పట్టి కదిపింది. తల పక్కకు జారింది. తెల్లజుట్టుకు వెనక చేయి వెడల్పున పచ్చరంగు అంటుకొని ఉంది. లింగవ్వ కొంగుతో దాన్ని తుడవడం మొదలుపెట్టింది. సిద్ధమ్మ పరుగెత్తి వచ్చి చేతులు పట్టుకునే దాకా తుడుస్తూనే ఉంది.

ప్రారంభం మూడు రోజులు వాయిదా పడింది. ముఖ్య అతిథి పదకొండు గళ్లనూ నడుస్తూ చూసి, పన్నెండో గడి ముందు ఆగారు. చీర నిజంగా తడిసిందేమోనని వేలు పెట్టి చూశారు. నాయిక పాదం దగ్గర తడి కొంచెం చెదిరి, వెంట్రుకల గీతలు పడి ఉంది. దాన్ని దిద్దడానికి చంద్రశేఖర్ సార్ ఒప్పుకోలేదు.

"ఈ తడి పద్యంలో ఎక్కడుంది సార్?" అని అడిగారు అతిథి, కింద పద్యాన్ని రెండుసార్లు చదివి.

ముప్పై రెండేళ్ల సర్వీసులో ఒక్క పాదం తప్పు చెప్పని చంద్రశేఖర్ సార్ గొడుగు మీద రెండు చేతులూ ఆనించారు. "ఇంకో పాదం ఉండె. కవికి దొరకలేదు," అన్నారు. ఆయన పక్కకు తిరిగారు.

లింగవ్వ ఆ రోజు రాలేదు. పదిహేను రోజుల తర్వాత ఒక పొద్దున ఒక్కతే వచ్చి, బొమ్మను ఎడమ నుంచి కుడికి ఒకసారి చదువుకొని, నల్లా దగ్గర సీసా నింపుకొని వెళ్లింది. సిద్ధమ్మ చెంబు కడగడానికి గోడ దగ్గరికి వచ్చినప్పుడు, పక్కకు తీసిపెట్టిన పలక కింద మూలకు ఆ కొబ్బరి చిప్ప కనబడింది. పారేద్దామని వంగింది. చిప్పలోని రంగు పైన మందంగా పొర కట్టి ముడతలు పడింది. వేలితో నొక్కితే లోపల పచ్చ ఇంకా ఆరలేదు.